పదకొండో నంబరు బిళ్ళ

ఎనిమిదో స్లైడు దగ్గర భావనారాయణ మళ్ళీ ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిన అద్దం మీద పది నిమిషాల్లో మళ్ళీ నుసి చేరుతుంది. జూట్ మిల్లులో ఏ గదిలో కూర్చున్నా అంతే. గోగునార నుసి తలుపు సందుల్లోంచి వచ్చి కాగితాల మీద, కీబోర్డు మీటల మధ్య, టీ గ్లాసు అంచు మీద కూర్చుంటుంది. అందుకే ఆయన జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళుంటాయి, ఒకటి మొహానికి, ఒకటి యంత్రాలకి. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఏది దేనికన్నది ఒక్కసారి కూడా తారుమారు కాలేదు.

రాజాం ఊరు దాటాక వచ్చే ఆ మిల్లులో, ట్రైనింగ్ రూమ్ అని ఇప్పుడు బోర్డు పెట్టిన గది నిరుటిదాకా చిరిగిన గోనెసంచుల కొట్టు. భావనారాయణే దగ్గరుండి సున్నం వేయించాడు. పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెర, ప్రొజెక్టరు, గోడకి వరసగా తొమ్మిది అట్టలు, పాఠం చెప్పడంలో ఒక్కో మెట్టుకి ఒకటి. 'దృష్టిని ఆకట్టుకోవడం' అని మొదటి అట్ట, 'నేర్చినది పనిలో పెట్టడం' అని చివరిది. అక్షరాలు ఆయనవే. దస్తూరీ గుండ్రంగా ముచ్చటగా ఉంటుంది. మిల్లులో ఎవరింట పెళ్ళయినా శుభలేఖల మీద పేర్లు రాసిపెట్టేది ఆయనే.

యాభై ఏడేళ్ళ మనిషి. సన్నగా ఉంటాడు. మెడ కాస్త ముందుకి వాలి, ఎవరైనా వెనకనించి పిలిస్తే వెంటనే తిరగడానికి సిద్ధంగా ఉన్నట్టు నడుస్తాడు. ముప్ఫై ఏళ్ళు టైమాఫీసులో హాజరుపట్టీలు రాశాడు. అందరూ పంతులుగారనే పిలుస్తారు గాని ఆయన ఎవరికీ ఎన్నడూ ఒక్క పాఠం చెప్పింది లేదు. చెప్పాలని మాత్రం ఉండేది. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ కొద్దిలో పోయింది. మూడోసారి భార్య జగదీశ్వరి చేత కూడా రాయించాడు. తన నోట్సులే ఆవిడకీ ఇచ్చాడు. ఆవిడకి వచ్చింది. పాతికేళ్ళుగా ఆవిడ పల్లెటూరి బళ్ళో మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెబుతోంది. "ఇంటికొక మేష్టారు చాల్లెండి" అని ఆవిడ సరదాకే అంటుంది, ఆయనా సరదాకే నవ్వుతాడు.

అలాంటి మనిషిని నిరుడు పర్సనెల్ మేనేజరు శ్రీరామ్ పిలిచి, స్పిన్నింగ్‌లో చేరే కొత్త ఆడపిల్లలకి పదిహేను రోజుల శిక్షణ కోర్సు తయారుచెయ్యమన్నాడు. తెలుగు బాగా రాసేవాడు మిల్లులో ఇంకెవరూ లేరన్నది కారణం. ఎలా తయారుచెయ్యాలో నేర్చుకోవడానికి కంప్యూటర్లో ఎనిమిది వారాల చదువు కూడా కంపెనీయే ఇప్పించింది. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టు పాఠానికి కూడా ప్లాను గీస్తారని, దానికి సిద్ధాంతాలున్నాయని భావనారాయణకి యాభై ఆరో ఏట తెలిసింది.

ముందు విశ్లేషణ, తరవాత రూపకల్పన, ఆ తరవాత తయారీ, అమలు, చివర మూల్యాంకనం. నేర్చుకునేవాళ్ళెవరు, వాళ్ళకి ఇప్పటికే ఏం వచ్చు, ఎక్కడ తప్పుతున్నారు అని ముందు తేల్చాలి. లక్ష్యం రాసేటప్పుడు 'తెలుసుకుంటారు' అని రాయకూడదట. తెలిసిందో లేదో లోపలికి దూరి ఎవరు చూడొచ్చారు? 'రెండు నిమిషాల్లో ఐదు పోగులు అతికి చూపిస్తారు' అని రాయాలి, కొలుచుకోడానికి వీలుగా. బుర్ర మోయలేనంత ఒకేసారి ఎత్తకూడదు. ముందు చేసి చూపించాలి, తరవాత చెయ్యి పట్టుకుని చేయించాలి, ఆపైన మెల్లగా చెయ్యి వదలాలి. తప్పు చేస్తే అప్పటికప్పుడు చెప్పాలి. ఇవన్నీ చదువుతుంటే ఆయనకి ఒకటి రెండుసార్లు కళ్ళు చెమర్చాయి. ఈ మాటలు కుర్రతనంలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ డీఎస్సీ ఇంటర్వ్యూలో తను అలా నీళ్ళు నమిలేవాణ్ణి కాదనుకున్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. భావనారాయణకి ఆ లోకువ లేదు. వినేవాళ్ళు దొరకడమే ఆయన అదృష్టమనుకున్నాడు. పది నెలలు కష్టపడ్డాడు. ఈవేళ, శనివారం, పదకొండింటికి కోర్సంతా శ్రీరామ్‌కి చూపించాలి. ఆయన సంతకం పెడితే సోమవారం కొత్త బ్యాచి ఎనిమిది మందీ ఈ కుర్చీల్లో కూర్చుంటారు.

ఇదే రోజు మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగగానే స్పిన్నింగ్‌లో పనిచేసే దేముడమ్మ ఉద్యోగం అయిపోతుంది. అందుకు కారణం ఈ ఎనిమిదో స్లైడు.

స్పిన్నింగ్ ఫ్రేము మీద పోగు తెగుతూనే ఉంటుంది. తెగినచోట ముడి వెయ్యకుండా రెండు కొసల్నీ పురిపెట్టి అతకాలి. అతుకు బాగా పడకపోతే తరవాతి విభాగం వైండింగ్‌లో ఆ పోగు చుట్టిన బాబిను పట్టుబడుతుంది. నిండిన బాబిన్లు వేసే తట్టకి, పనిచేసిన మనిషి నంబరున్న రేకు బిళ్ళ తగిలిస్తారు. పాడు బాబిను దొరికినప్పుడల్లా వైండింగ్ వాళ్ళు ఆ నంబరుకి ఎదురుగా రిజిస్టర్లో ఒక గీత పెడతారు. విశ్లేషణ ఊహ మీద కాదు, ఆధారాల మీద జరగాలని సిద్ధాంతం కాబట్టి భావనారాయణ మూడేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని రెండు వారాలు గీతలు కూడాడు. వచ్చిన ఫలితం చూసి తెల్లబోయాడు. అందరికంటే ఎక్కువ గీతలున్నది పదకొండో నంబరుకి. పదకొండు దేముడమ్మది. కొత్తగా చేరే ప్రతి పిల్లకీ పని నేర్పేది ఆవిడే.

దీపం కింద చీకటి అనుకున్నాడు. నివేదికలో ఇలా రాశాడు. 'ప్రస్తుతం శిక్షణ ఇస్తున్న కార్మికురాలి పనిలోనే లోపాలు అత్యధికంగా ఉన్నవి. కావున శిక్షణకు ఆమెపై ఆధారపడుట తగదు.' ఆ వాక్యాన్ని మూడుసార్లు దిద్దాడు. 'కావున' పెట్టాక దానికో నిండుతనం వచ్చిందనిపించింది. స్లైడు మీద పదకొండో నంబరు గీతని ఎర్రరంగులో నిలువుగా, మిగతావాటికంటే జానెడెత్తు పైకి నిలబెట్టాడు.

దేముడమ్మకి రిటైరయ్యే వయసు, యాభై ఎనిమిది, నిండి మూడేళ్ళయింది. కొత్తవాళ్ళకి నేర్పడం కోసమని ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తూ వచ్చారు. ఈసారి పొడిగించలేదు. పదిహేను రోజుల కిందట శ్రీరామ్ ఆ మాట చెప్పినప్పుడు భావనారాయణకి లోపల ఎక్కడో కలుక్కుమంది. ఆవిడ కొడుకు ధనరాజు సాలూరులో లారీ మీద క్లీనరు. కోడలు ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఇంట్లో ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా లెక్క లెక్కే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆవిడ దగ్గర కూర్చుని పని నేర్చుకోబోయిన రోజు ఆయనకి బాగా గుర్తు. పనిని చిన్న చిన్న అంగలుగా విడగొట్టి రాసుకోవాలని సిద్ధాంతం. స్టూలు వేసుకుని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ ఫ్రేము పక్కన నాలుగు గంటలు కూర్చున్నాడు. దేముడమ్మ పొట్టి మనిషి. జుట్టు నుదుటి మీదనించి వెనక్కి లాగి ఎంత బిగించి ముడేసిందంటే కనుబొమ్మలు కొంచెం పైకి లేచి ఉంటాయి. కుడిచేతి చూపుడువేలి చివర గోరు సగమే ఉంటుంది, పక్కన కాయకాచిన చర్మం నునుపుదేలి మెరుస్తుంది. ఆ వేలు పోగు మీదకి వెళ్ళడం, రావడం కనిపించేది. మధ్యలో ఏం జరిగిందో కనిపించేది కాదు.

"మెల్లగా ఒక్కొక్కటీ చెప్పు దేముడమ్మా. మొదట ఏం చేస్తావు?"

"అలగ ముక్కలు ముక్కలు సేసి అడిగితే నాకేటి తెలుస్తాది బాబూ. తెగిందని సెవికి తెలుస్తాది. అతికిందని సేతికి తెలుస్తాది."

ఆయన ఇరవై మూడు అంగలు రాసుకున్నాడు. చెవి అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. మధ్యలో ఆవిడ ఏదో చెప్పబోతే, వాక్యం పూర్తికాలేదని ఒక నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించాడు. ఆవిడ ఆగింది. వాక్యం పూర్తయ్యాక ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు.

తొమ్మిదయింది. కోర్సుని అందరి మీదా పెట్టేముందు కొద్దిమంది మీద పెట్టి చూడాలి, అదీ సిద్ధాంతమే. సూపర్‌వైజరుని బతిమాలి నలుగురు పిల్లల్ని అరగంటకి అడిగి తెచ్చుకున్నాడు. నలుగురూ నిరుడు చేరినవాళ్ళే. జుట్టులో నారపీచు, మెడలో మిల్లు గుర్తింపు కార్డు. కుర్చీ అంచున కూర్చుని తెర మీద బొమ్మల్ని శ్రద్ధగా చూశారు. చివర ఇచ్చిన ప్రశ్నల కాగితం మీద ముగ్గురు ఏ ప్రశ్నకైనా 'బాగుంది' అని రాసేసి వెళ్ళిపోయారు. దేవి అనే పిల్ల మాత్రం పెన్ను నోట్లో పెట్టుకుని ఇంకా కూర్చుంది. పది చదివింది, అన్నిటికీ జవాబు రాయాలని దానికి పట్టుదల.

"ఈ ఆరోదానికి ఏటి రాయాల సార్?"

"మొదటి నెల్లో నీ బాబిన్లు ఎన్ని వెనక్కొచ్చాయో ఉజ్జాయింపుగా వెయ్యి."

దేవి నవ్వింది. "లెక్కేటుంతాది సార్. తట్టలు తట్టలు పాడుసేసీదాన్ని."

"అదేమిటి? రిజిస్టర్లో నీ నంబరుకి ఒకటో రెండో ఉన్నాయంతే."

"నా నంబరుకెందుకుంతాయి? నెల దినాలు మా తట్టలకి పెద్దమ్మ బిళ్ళ కదా తగిలిస్తాది."

"ఏ పెద్దమ్మ?"

"దేముడమ్మ పెద్దమ్మ. కొత్తగొచ్చినోలు ఎవులైనా పదకొండో నంబరు బిళ్ళే. పాడైన బాబిను తిరిగొస్తే మాకిచ్చి పోగంతా ఇప్పదీయించి, ఇదిగో ఇక్కడ నీ ఏలు జారింది, సూడు అంతాది. పేరు మాత్రం బయటకి రానీదు. మొదటి నెల్లోనే మెమో వస్తే మా ఇళ్ళల్లో మరి పన్లోకి పంపరు సార్." ఆ పిల్ల ఆయన మొహం చూసి సందేహంగా ఆగింది. "మీకు తెలీదేటి? వైండింగోలకి కూడా తెలుసు."

"తెలుసులే" అన్నాడు భావనారాయణ.

దేవి ఆరో ప్రశ్న ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయింది. ఆయన రిజిస్టర్ల జిరాక్సు కట్ట విప్పాడు. మూడేళ్ళదీ మొత్తంగా కూడేశాడు గాని నెలలవారీగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. కొత్త బ్యాచి చేరిన నెలల్లో పదకొండుకి ఎదురుగా గీతలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఎవరూ చేరని నెలల్లో ఒకటి, సున్నా, సున్నా, రెండు, సున్నా. కొత్తపిల్లలకి మొదటి నెల్లో తప్పులే లేకపోవడం చూసినప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ఆడపిల్లలకి చేతిపని సహజంగా వస్తుందని నివేదికలో ఇంకో వాక్యం రాశాడు. ఆ వాక్యం ఇప్పుడు చూస్తే ఒళ్ళు చచ్చిపోయింది.

ఆయన తండ్రి విజయనగరంలో ఇంటి దగ్గర పిల్లలకి వయొలిన్ చెప్పేవాడు. శిష్యుడు అపస్వరం పలికించే చోటు ఆయనకి ముందే తెలుసు. సరిగ్గా ఆ చోటుకి వచ్చేసరికి తన కమాను గట్టిగా లాగేవాడు. వీధిలో పోయేవాళ్ళకి గురువుగారి స్వరమే వినిపించేది. పిల్లవాడికి మాత్రం తన తప్పు తనకి వినిపించేది. చిన్నప్పుడు భావనారాయణ, నాన్నగారు అంత గట్టిగా ఎందుకు వాయిస్తారని విసుక్కునేవాడు. ఇన్ని సిద్ధాంతాలు చదివాక కూడా తన ఇంట్లో జరిగినదానికి అర్థం ఈవేళ ఒక రేకు బిళ్ళ చెప్పవలసి వచ్చింది.

గడియారం పదిన్నర చూపిస్తోంది. ఎనిమిదో స్లైడు తీసెయ్యడానికి ఒక్క మీట చాలు. లేదా పదకొండింటికి ఉన్నమాట చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలు. ఆయనకి ఆ నాలుగు వాక్యాలూ తెలుసు. కాని విశ్లేషణ తప్పితే దాని మీద కట్టినదంతా తప్పేనని కూడా తెలుసు. మళ్ళీ మొదటినించి చెయ్యమంటారు. మళ్ళీ చెయ్యడానికి పది నెలలు. వచ్చే ఏడు తను దిగిపోతాడు. ఈ తొమ్మిది అట్టలూ మళ్ళీ చిరిగిన సంచుల మధ్య పడుంటాయి. ముందు సంతకం అవనీ, తరవాత నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. అనుకున్నాక కొంచెం ఊపిరాడింది.

శ్రీరామ్ సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మర్యాదస్తుడు. ప్యూను కుర్చీ లాగబోతే వద్దని తనే లాక్కుని కూర్చున్నాడు. భావనారాయణ మొదటి రెండు స్లైడులూ కాగితం చూసి చదివాడు, మూడోదానినించి చూడకుండానే చెప్పాడు. లక్ష్యాలు చెప్పాడు. తొమ్మిది మెట్లు చెప్పాడు. ఎనిమిదో స్లైడు రాగానే మీట నొక్కి తొమ్మిదికి వెళ్ళిపోయాడు.

"ఒకసారి వెనక్కి వెళ్ళండి" అన్నాడు శ్రీరామ్. ఎర్రగీత కేసి చూశాడు. "ఇదేనండీ అసలు పాయింటు. ఆవిణ్ణి తీసెయ్యాలంటే నాకూ బాధగానే ఉంది. పాత మనిషి. ఈ లెక్క ఖాయమే కదా?"

భావనారాయణ రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రిజిస్టర్లో ఉన్నదే సార్" అన్నాడు.

పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అన్నట్టు మాట్లాడటం టైమాఫీసులో ముప్ఫై ఏళ్ళు నేర్చిన విద్య. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. శ్రీరామ్ తలాడించి మిగతా స్లైడులన్నీ ఓపిగ్గా చూశాడు. చివర ఆమోదపత్రం మీద సంతకం పెట్టి లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"చాలా బాగా చేశారు మేష్టారూ. హెడ్డాఫీసుకి పంపిస్తాను. మన మిగతా మిల్లుల్లో కూడా మీ పేరుతోనే నడిపిద్దాం."

మేష్టారూ అన్నాడు. ఆ మాట చెవిని పడగానే భావనారాయణకి గుండె నిజంగా పొంగింది. యాభై ఏడేళ్ళుగా ఎవరూ ఆయన్ని అలా పిలవలేదు. ఆ సంతోషం ఒక నిమిషం పాటు ఏ కల్తీ లేకుండా ఉంది. తరవాత చాలాకాలం ఆయన్ని బాధపెట్టింది ఆ నిమిషమే.

ఒంటిగంటకి అన్నం క్యారియరు విప్పకుండానే లేచి శ్రీరామ్ గది ముందుకి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది. శ్రీరామ్ తల ఎత్తి, "చెప్పండి మేష్టారూ" అన్నాడు.

"శిక్షణ పుస్తకం రంగుల్లో వేయించాలా, నలుపు తెలుపా అని అడుగుదామని వచ్చాను సార్."

"రంగుల్లోనే వేయించండి."

వరండాలో నడిచి వస్తూ, మళ్ళీ చెప్పలేకపోయాననుకున్నాడు. చిన్నప్పటినించీ అంతే. డీఎస్సీ ఇంటర్వ్యూలోనూ జవాబు తెలుసు. తెలిసిన జవాబు నాలిక దాకా వచ్చి, అడిగినవాళ్ళ మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఇంత పిరికివాడికి పాఠం చెప్పే ఉద్యోగం రాకపోవడమే మంచిదయిందేమో అని మొదటిసారి అనుకున్నాడు.

రెండింటికి సైరను మోగింది. పావుగంట తరవాత దేముడమ్మ వచ్చింది. మొహం కడుక్కుని, చీర మీది నుసి దులుపుకుని వచ్చింది. శిక్షణ బాధ్యత అప్పగించినట్టు ఒక కాగితం మీద సంతకం చెయ్యాలి. ఆ కాగితం కూడా భావనారాయణ తయారుచేసినదే.

"కూర్చో దేముడమ్మా."

ఆవిడ మొదటి వరసలో, పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. గోడ మీది అట్టలన్నీ ఒకసారి చూసి, ఆయన ఇచ్చిన కాగితం అందుకుంది.

"ఇందల ఏటి రాసున్నాది బాబూ?"

"నీకు వచ్చిన పనంతా నాకు చెప్పేశావని."

"అంతా సెప్పీసేనేటి?" అని ఆవిడ నిజంగానే ఆలోచించింది. తరవాత పెన్ను తీసుకుని, వయోజన విద్యలో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ ఒక్కొక్కటే దిద్దింది. ఇరవై మూడు అంగలకి అందని వేలు పెన్ను మీద మాత్రం తడబడింది.

భావనారాయణ కాగితం అందుకోలేదు. "బిళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "ఎవులు సెప్పినారు?"

"ఎవరో చెప్పారు."

"ఆ దినమే సెప్పబోనాను. నువ్వు రాసుకుంతన్నావు, ఆగమని ఏలు సూపించినావు. సదూకున్నోలు రాస్తన్నప్పుడు మద్దెన మాటాడకూడదని ఊరుకున్నాను." తప్పు తనదే అన్నట్టు చెప్పింది. "నాను కొత్తగొచ్చినప్పుడు నాకు పని నేర్పిన అప్పలనర్సమ్మప్ప తన బిళ్ళేసింది. ఆయమ్మకి ఇంకెవులో ఏసినారు. మిల్లు పుట్టినకాణ్ణించీ అలగే వస్తన్నాది. తప్పు సెయ్యకుండా ఎవులికి పనొస్తాది బాబూ? ఆ తప్పు కొన్నాల్లు ఎవులో ఒకలు మొయ్యాల కదా."

ఎనిమిది వారాల చదువులో ఈ మాట ఎక్కడా లేదు. భావనారాయణ అన్నాడు. "నేనిప్పుడే వెళ్ళి శ్రీరామ్ గారికి చెబుతాను. నీ కాంట్రాక్టు..."

"ఒద్దు బాబూ." ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. "ఇప్పుడు సెప్పితే మూడేల్ల రికార్డులూ తిరగేస్తారు. దొంగ బిళ్ళలెట్టినారని పని నేర్సుకున్న ఆ ఆడగుంటల మీదకి వస్తాది. నానెలాగూ ఎల్లిపోతన్నాను. ఉన్నయేవో నా మీదే ఉండనీ."

చెప్పొద్దని ఆవిడే అనేసరికి భావనారాయణకి ముందు కలిగినది ఊరట. అది ఊరటేనని ఆయనకి స్పష్టంగా తెలిసింది. అంత సిగ్గు ఆయన జన్మలో ఎప్పుడూ పడలేదు. పిల్లల కోసం పదకొండింటికి నోరుమూసుకున్నట్టు ఇకనించి తను కూడా చెప్పుకోవచ్చు. జగదీశ్వరికి కూడా అలాగే చెబుతాడేమో.

"నా పన్లో తప్పులెక్కువని ఎవులో కాయితంలో రాసినారంట కదా. శ్రీరాం బాబు సెప్పినాడు, ఎంతో నొచ్చుకున్నాడు" అంది దేముడమ్మ. "రాసినోలకి మాత్రం ఏటి తెలుస్తాది."

రాసినది నేనే అని భావనారాయణ అనలేదు. ఆవిడ ఆయన కేసి చూస్తూనే ఉంది. ఆ చూపులో నిష్టూరం లేదు, అడగడం కూడా లేదు. ఆయన సంతకం చేసిన కాగితం తీసుకుని, మడత పడకుండా ఫైల్లో పెట్టాడు.

బయట పిల్లలు గుమిగూడిన చప్పుడయింది. "పెద్దమ్మా, ఆటో ఎల్లిపోతాది, బేగి రా" అని దేవి గొంతు వినిపించింది. దేముడమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"సోమారం కొత్త గుంటలొస్తన్నారంట కదా. ఆలకి ఎవుల బిళ్ళేస్తావు బాబూ?"

ఆఫీసువాళ్ళకి బిళ్ళ ఉండదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఈలోగా దేవి లోపలికి చెయ్యి చాపి ఆవిణ్ణి లాక్కుపోయింది. ఆడపిల్లల నవ్వులు, మధ్యలో ఎవరిదో ఏడుపు, వరండా చివరిదాకా వినిపించి ఆగిపోయాయి. గేటు దగ్గర ఆటో స్టార్టయి, రాజాం రోడ్డెక్కిన చప్పుడు వచ్చింది.

భావనారాయణ చాలాసేపు మొదటి వరసలో, ఆవిడ కూర్చున్న కుర్చీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. అక్కడినించి చూస్తే తొమ్మిది అట్టలూ బాగా కనిపిస్తున్నాయి. తప్పు చేసిన వెంటనే చెప్పాలని ఏడో అట్ట. సోమవారం చేరే పిల్లలు తప్పులు చేస్తారు. ప్రతి తప్పూ వెంటనే రిజిస్టర్లో వాళ్ళ నంబరుకి ఎదురుగా పడుతుంది. నెలాఖరుకి ఎనిమిది మందిలో ఎందరు మిగులుతారో తెర మీద గీత గీసి చూపించడం ఆయనకి వచ్చు. ఎవరు ఇంటికి పోయి ఏమని చెప్పుకుంటారో ఆ గీతలో రాదు.

అయిదింటికి ప్రొజెక్టరు మీద గుడ్డ కప్పి, లైటార్పి, తాళం తీసుకుని బయటికి వచ్చాడు. గుమ్మం పక్కన గోడవారగా ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. పాఠం చెప్పే గదని బయట విడిచి వచ్చినట్టుంది, పిల్లలు లాక్కుపోయిన హడావిడిలో మరిచిపోయినట్టుంది. మడమల దగ్గర అరిగి పల్చబడిపోయాయి. భావనారాయణ తాళం చేత్తో పట్టుకుని వంగి చూశాడు. ఎడమ చెప్పుకి బొటనవేలి దగ్గర తెగిన పట్టీని గోగునార పోగుతో చుట్టి బిగించారు, ఎంత వెతికినా ముడి ఎక్కడుందో కనిపించలేదు.